ఒకటో తారీఖు డబ్బు: నగదు సాయంతో పల్లెలో మారిందేమిటి, మారనిదేమిటి

నగదు బదిలీ మీద మన దగ్గర వాదన మొదలైతే రెండే మాటలు వినిపిస్తాయి. డబ్బులు పంచి జనాన్ని సోమరుల్ని చేస్తున్నారని ఒకరంటారు. ఖాతాల్లో ఇన్ని వేల కోట్లు వేశాం కాబట్టి పేదరికం పోయినట్టేనని ఇంకొకరంటారు. ఒక ఇంటికి ఏ నెలలో ఎంత వస్తుంది, అది రాక ముందు ఆ ఇల్లు ఎలా గడిచేది, వచ్చాక మొదట ఎవరి బాకీ తీరింది అన్న లెక్క ఈ ఇద్దరూ వెయ్యరు. నిజానికి గత పాతికేళ్లలో నగదు సాయం మీద జరిగినన్ని పరిశోధనలు మరే సంక్షేమ కార్యక్రమం మీదా జరగలేదేమో. వాటిలో కొన్ని ముఖ్యమైనవి తెలుగు నేల మీదే జరిగాయి. ఆ ఫలితాలను ఒక మండలం పరిస్థితికి ఆనించి చూడటం ఈ వ్యాసం పని.

ఆ మండలం రోలుగుంట. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయిన అనకాపల్లి జిల్లాలో, నర్సీపట్నానికి దగ్గరలో, చోడవరం శాసనసభ నియోజకవర్గంలో ఉంది. దిగువ పల్లెల్లో వరి, చెరకు. మెట్టల్లో జీడి. పైన తూర్పు కనుమల అంచున కోందు ఆదివాసుల గూడేలు. చెరకు రైతుకు ఫ్యాక్టరీ డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. గోవాడ సహకార చక్కెర కర్మాగారం బకాయిల గొడవ ఈ ప్రాంతంలో ఏళ్ల తరబడి నడుస్తున్నదే. జీడి డబ్బు వేసవిలో ఒక్కసారే వస్తుంది. ఉపాధి పనులు ఎక్కువగా ఎండాకాలంలోనే సాగుతాయి. అంటే ఇక్కడి ఇంటి ఆదాయం ఏడాదంతా సమంగా పారేది కాదు. కొన్ని నెలలు నిండుగా ఉంటుంది, కొన్ని నెలలు అప్పుతో గడుస్తుంది.

ఇలాంటి ఇంటికి నగదు సాయం ఎంత వచ్చింది అన్నదానికన్నా, ఏ తేదీన వస్తుందో ముందే తెలియడం, అది ఇంట్లో ఎవరి చేతికి రావడం, అసలు ఆ ఇంటి పేరు జాబితాలో ఉండటం ఎక్కువ మార్పు తెస్తాయి. దేశదేశాల పరిశోధనలూ ఆంధ్రప్రదేశ్ అనుభవమూ కలిపి చదివితే తేలేది ఇదే.

డెబ్బై అయిదు రూపాయల నుంచి

చాలాకాలం పల్లె పేదకు సర్కారు సాయమంటే సరుకే. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం అందుకు పెద్ద గుర్తు. నగదు సాయం జాతీయ స్థాయిలో ఒక రూపం దాల్చింది 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమంతో. ఏ ఆసరా లేని 65 ఏళ్లు దాటిన వృద్ధులకు కేంద్రం అప్పట్లో నెలకు 75 రూపాయలిచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమయ్యాక, పల్లెలో కోట్లమందికి సర్కారు డబ్బు నేరుగా అందే దారి పడింది. అది సాయం కాదు, చేసిన పనికి కూలి. కానీ డబ్బు పేదవాడి చేతికి ఎలా చేరాలి అన్న ప్రశ్నకు మొదటి పెద్ద పరీక్ష అక్కడే జరిగింది.

ఆ పరీక్ష మీద కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ చేసిన అధ్యయనం ప్రపంచమంతా చదివింది. ఉమ్మడి రాష్ట్రంలోని ఎనిమిది జిల్లాల్లో, పొరుగునున్న విజయనగరంతో సహా, ఉపాధి కూలీనీ పింఛన్లనూ వేలిముద్రతో పనిచేసే స్మార్ట్ కార్డుల ద్వారా ఇచ్చారు. ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. కార్డులొచ్చిన మండలాల్లో కూలి డబ్బు త్వరగా, తక్కువ తిప్పలతో అందింది. మధ్యలో మింగేవాళ్ల వాటా తగ్గింది. పథకం అదే, రేటు అదే. మారింది డబ్బు నడిచే దారి మాత్రమే.

తర్వాత 2013 జనవరిలో తూర్పు గోదావరి జిల్లా గొల్లప్రోలులో నగదు బదిలీకి రాష్ట్రంలో శ్రీకారం చుట్టారు. 2014లో జన్‌ధన్ ఖాతాలొచ్చాయి. 2018 మే 10న తెలంగాణ ప్రభుత్వం హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలుపెట్టి, ఎకరానికి పంటకు 4000 రూపాయల చొప్పున రైతు చేతికి చెక్కులిచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం ఏడాదికి 6000 ఇచ్చే పీఎం కిసాన్ తెచ్చింది. 2019 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో అమ్మ ఒడి, రైతు భరోసా, చేయూత, ఆసరా అంటూ పథకాలు వరుస కట్టాయి. 'డబ్బులు పడ్డాయా?' అన్నది పల్లెలో కుశలప్రశ్నలాంటిదైపోయింది.

పేరు మారినా ఆగని పింఛన్

ఈ వరుసలో పల్లె ఇంటిని అన్నిటికన్నా ఎక్కువ మార్చింది పింఛన్. 2014 సెప్టెంబరు దాకా వృద్ధాప్య పింఛన్ 200 రూపాయలు. ఆ అక్టోబరులో 1000 అయింది. 2019 జనవరిలో 2000, ఆ ఏడాది జూలైలో 2250 అయి, మెట్లు మెట్లుగా పెరిగి 2024 జనవరికి 3000కు చేరింది. 2024 జూలై 1న 4000 అయింది. ఏప్రిల్ నుంచి పెంచిన తేడా కలిపి ఆ రోజు ఒక్కొక్కరి చేతికి 7000 వచ్చింది. పదేళ్లలో ఇరవై రెట్లు. దివ్యాంగులకు 6000, మంచానికే పరిమితమైనవారికి 15,000. ఇదే కాలంలో 60 నుంచి 79 ఏళ్ల వృద్ధులకు కేంద్రం వాటా 200 దగ్గరే ఆగిపోయింది. మిగతా భారమంతా రాష్ట్రానిదే.

మొత్తం పెరగడం సగం కథ. రెండో సగం తేదీ. ఎన్టీఆర్ భరోసా, వైఎస్సార్ పింఛన్ కానుక, మళ్లీ ఎన్టీఆర్ భరోసా అని పేర్లు మారాయి, పుస్తకం మీద బొమ్మలు మారాయి, కానీ పింఛన్ ఏ ప్రభుత్వంలోనూ ఆగలేదు. 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీర్లు ఇంటికి తెచ్చిచ్చారు. 2024 జూలై నుంచి సచివాలయ సిబ్బంది తెస్తున్నారు. ఒకటో తారీఖు ఆదివారమైతే ముందు రోజే ఇస్తున్నారు. భవన నిర్మాణం పనికి విశాఖకో హైదరాబాద్‌కో వెళ్లిన కొడుకు పంపే డబ్బుకు లేని నికరం ఈ డబ్బుకు ఉంది.

నికరమైన చిన్న మొత్తం ఏం చేస్తుందో కొట్టువాడికి బాగా తెలుసు. నెలనెలా తప్పక వచ్చే 4000 ఉన్న ఇంటికి అరువివ్వడానికి ఆయన వెనకాడడు. ముసలమ్మకు బీపీ, షుగరు మాత్రలు నెల మధ్యలో అయిపోతే ఎవరినీ అడగక్కర్లేదు. ఇంట్లో ఆమె స్థానం కూడా మారుతుంది. వంతులవారీగా కొడుకుల ఇళ్లలో తినే తల్లి, నెలకు నాలుగు వేలు తెచ్చే తల్లి అవుతుంది. మనవరాలికి పుస్తకమో చెప్పులో కొనిపెట్టే స్తోమత వస్తుంది. దక్షిణాఫ్రికాలో వృద్ధాప్య పింఛన్ మీద ఎస్తర్ డఫ్లో 2003లో ప్రచురించిన పరిశోధన ఇదే విషయాన్ని తూకం వేసి చూపింది. అమ్మమ్మలకో నానమ్మలకో పింఛన్ వచ్చే ఇళ్లలో మనవరాళ్ల ఆరోగ్యం మెరుగైంది. తాతలకు వచ్చే ఇళ్లలో ఆ మార్పు కనిపించలేదు. ఒకే మొత్తం ఏ చేతికి చేరిందన్నదాన్ని బట్టి వేరే ఫలితమిచ్చింది.

దీనికి చీకటి కోణం లేకపోలేదు. పింఛన్ మీద కన్నేసే కొడుకులూ ఉంటారు. ఒకే బియ్యం కార్డులో ఒకరికే పింఛన్ అన్న నిబంధన వల్ల, దివ్యాంగుల వంటి కొందరికి మినహాయింపున్నా, ఒకే పొయ్యి మీద తినే ఇళ్లు కాగితం మీద విడిపోయాయి. అయినా 2024 చివర్లో వచ్చిన రెండు మార్పులు ఈ పథకం అనుభవంతో నేర్చుకుంటోందని చెబుతాయి. వలస వెళ్లి రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తున్నారు. పింఛన్ తీసుకునే భర్త చనిపోతే భార్యకు వెంటనే మంజూరు చేస్తున్నారు.

దారి చెడితే ఏమవుతుందో 2024 ఎన్నికల వేళ తెలిసింది. వాలంటీర్లు డబ్బు పంచకూడదని మార్చి 30న ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్ పింఛన్ కోసం వృద్ధులు మండుటెండలో సచివాలయాలకు నడిచారు. మే నెలది ఎక్కువమందికి బ్యాంకు ఖాతాల్లో వేస్తే, పనిచెయ్యని ఖాతాలతో బ్యాంకుల ముందు నిలబడ్డారు. ఎండదెబ్బకు పింఛన్‌దారులు చనిపోయారన్న వార్తలు వచ్చాయి. మొత్తంలో ఒక్క రూపాయి తగ్గలేదు. గడప దాకా వచ్చే డబ్బు బ్యాంకు దాకా వెనక్కి జరిగింది, అంతే.

బటన్ నొక్కిన డబ్బు

ఏడాదికోసారి వచ్చే పెద్ద మొత్తాల తీరు వేరు. కెన్యాలో గివ్‌డైరెక్ట్లీ సంస్థ పంచిన డబ్బు మీద యోహానెస్ హౌషోఫర్, జెరెమీ షపీరో చేసిన అధ్యయనం ఈ తేడాను తేటగా చెప్పింది. నెలనెలా డబ్బు వచ్చిన ఇళ్లలో తిండి మెరుగైంది. ఒక్కసారే వచ్చిన ఇళ్లు రేకుల కప్పు వంటి నిలిచే వస్తువులు కొన్నాయి. రెండూ అవసరమే. రైతుకు దమ్ము, విత్తనం, ఎరువు ఒకేసారి కావాలి. నెలకు వెయ్యి ఇస్తే ఆ పని కాదు. తల్లికి జూన్‌లో ఫీజు, బట్టలు, పుస్తకాలు ఒకేసారి కావాలి. అయితే పెద్ద మొత్తం పనికిరావాలంటే అది ఏ నెలలో వస్తుందో ముందే తెలిసి ఉండాలి.

ఆంధ్రప్రదేశ్‌లో లోపించింది ఆ తెలియడమే. పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే అమ్మ ఒడి 2020 జనవరి 9న మొదలైంది. రెండేళ్లు సంక్రాంతి ముందు వచ్చింది. తర్వాత 75 శాతం హాజరు నిబంధనతో జూన్‌కు జరిగింది. మొదట 15,000, తర్వాత మరుగుదొడ్లు, బడి నిర్వహణ పేరిట కోతపడి 13,000. 2023 జూన్ చివరి విడత తర్వాత ప్రభుత్వం మారింది. తల్లికి వందనం పేరుతో మళ్లీ డబ్బు పడింది 2025 జూన్‌లో. ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అందరికీ అన్నది మంచి మార్పు. కానీ మధ్యలో ఒక జూన్ ఖాళీగా పోయింది. రైతు సాయమూ అంతే. పీఎం కిసాన్ 6000 కలిపి 13,500 ఇచ్చిన రైతు భరోసా చివరి విడత 2024 ఫిబ్రవరిలో వచ్చింది. దాని బదులు 20,000 ఇస్తామన్న అన్నదాత సుఖీభవ తొలి విడత 2025 ఆగస్టు 2న పడింది. ఆ రెండింటి మధ్య ఖరీఫ్, రబీ గడిచిపోయి మళ్లీ నారు పోసే కాలం వచ్చింది.

అనకాపల్లి జిల్లాకు దీనిలో ప్రత్యేక జ్ఞాపకం ఉంది. 45 నుంచి 60 ఏళ్ల ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ మహిళలకు ఏటా 18,750 చొప్పున నాలుగేళ్లిచ్చే చేయూత నాలుగో విడతకు 2024 మార్చి 7న ఈ జిల్లాలోని పిసినికాడలోనే అప్పటి ముఖ్యమంత్రి బటన్ నొక్కారు. దాదాపు 27 లక్షల మందికి 5,060 కోట్లు అన్నారు. ఆ రోజుల్లో బటన్ నొక్కిన పథకాల్లో కొన్నింటి డబ్బు మే 13 పోలింగ్ నాటికీ ఖాతాల్లో పడలేదు. చెల్లింపులు వాయిదా వెయ్యాలన్న ఎన్నికల సంఘం ఆదేశం మీద గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. ఎన్నికల తర్వాత చేయూత కొనసాగలేదు. మహిళలకు నెలకు 1500 ఇస్తామన్న ఆడబిడ్డ నిధి 2025 చివరికి కూడా హామీగానే మిగిలింది. బటన్‌కూ ఖాతాకూ మధ్య ఉన్న దూరంలో ఎన్ని గేదెల బేరాలు తప్పిపోయాయో ఏ లెక్కల్లోకీ రాదు.

అప్పు ముందు, ఖర్చు తర్వాత

ఈ డబ్బు వెళ్లే మొదటి చోటు అప్పు. 2019లో జాతీయ నమూనా సర్వే సంస్థ జరిపిన 77వ విడత సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి. దేశంలో ఇదే అత్యధికం. సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశం మొత్తానికి చూస్తే అప్పున్న కుటుంబాలు 50.2 శాతం, సగటు అప్పు 74,121. ఇంత అప్పు మీద ఏడాదికి 20,000 సాయమంటే, నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్కన సగటు అప్పు మీద ఏటా కట్టాల్సిన 59,000 వడ్డీలో మూడో వంతు మాత్రమే. అందుకే రైతు సాయం పడిన రోజు చాలామంది రైతుల చేతిలో అది నిలవదు. ఎరువుల కొట్టు బాకీకో వడ్డీకో వెళ్లిపోతుంది.

దీన్ని వృథా అనుకోకూడదు. అదునుకు డబ్బు చేతిలో ఉంటే కొత్త అప్పు నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవక్కర్లేదు. పంటను కళ్లంలోనే దళారీకి తెగనమ్మక్కర్లేదు. మధ్యప్రదేశ్‌లో 'సేవా' (SEWA) అనే సంస్థ యూనిసెఫ్ తోడ్పాటుతో 2011లో మొదలుపెట్టిన ప్రయోగంలో పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 ఇచ్చి, ఏడాది తర్వాత 300కు, 150కి పెంచారు. ఆరు వేల మంది దాకా పొందిన ఆ చిన్న డబ్బుతోనే తిండి, పిల్లల చదువు మెరుగయ్యాయి, వడ్డీవ్యాపారి మీద ఆధారపడటం తగ్గింది, సొంత సాగూ చిన్న వ్యాపారాలూ పెరిగాయి. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్లకు తల్లడిల్లి ఆర్డినెన్సు తెచ్చుకున్న రాష్ట్రానికి ఈ ఫలితం విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు. అయితే ఏడాదికోసారి ఎప్పుడొస్తుందో తెలియని డబ్బు అప్పును తీరుస్తుందే గాని ఆపలేదు. ఆపగలిగేది ముందే తెలిసిన డబ్బే.

సోమరితనం, సారా, ధరలు

నగదు సాయం మీద పాత అభ్యంతరాలు మూడు. మొదటిది, జనం పని మానేస్తారని. అభిజిత్ బెనర్జీ తదితరులు ఆరు దేశాల్లోని ఏడు ప్రయోగాల సమాచారాన్ని తిరగేసి 2017లో తేల్చింది ఏమిటంటే, నగదు అందుకున్న పెద్దలు పని తగ్గించుకున్నారనడానికి గట్టి ఆధారం లేదు. రెండోది, తాగేస్తారని. డేవిడ్ ఇవాన్స్, అన్నా పొపోవా 19 అధ్యయనాలు చూసి, సారా, పొగాకు మీద ఖర్చు పెరగలేదని, సగటున కొంచెం తగ్గిందనీ చెప్పారు. మన పల్లెల్లో తాగుడు సమస్య లేదని దీనర్థం కాదు. అది పథకం డబ్బుతో పుట్టిందీ కాదు, పథకం ఆపితే పోయేదీ కాదు.

'కూలీలు దొరకడం లేదు' అనే భూస్వామి మాటను మాత్రం కాస్త ఆగి వినాలి. అందులో కొంత నిజం ఉంది, ఆ నిజానికి రెండో ముఖం కూడా ఉంది. ముందు చెప్పిన స్మార్ట్ కార్డుల అధ్యయనం కొనసాగింపు 2023లో వెలువడింది. ఉపాధి చెల్లింపులు సరిగా జరిగిన మండలాల్లో పథకం కింద పనిచేసే కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం పథకం డబ్బు కాదు. బయటి పనుల్లో కూలి రేటు, పని దినాలు పెరగడం వల్ల వచ్చింది. చేతిలో కొంచెం ఆసరా ఉన్న కూలీ 'ఈ రేటుకు రాను' అనగలిగాడు. భూమి మీద రాబడి కొంత తగ్గింది. కూలీలు పని మానలేదు. చవగ్గా పనిచెయ్యడం మానారు. భూమి గలవాడికి అది నష్టమే, లేనివాడికి అదే లాభం. ఈ రెండింటిలో ఏది ముఖ్యమన్నది అర్థశాస్త్రం కన్నా న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

మూడోది ధరలు. కెన్యాలోనే సియాయా ప్రాంతంలో 653 గ్రామాల్లో జరిగిన పెద్ద ప్రయోగంలో పదివేలకు పైగా కుటుంబాలకు తలా వెయ్యి డాలర్ల దాకా ఇస్తే ధరలు నామమాత్రంగానే పెరిగాయి. ఇచ్చిన ప్రతి డాలరూ చుట్టుపక్కల చేతులు మారి రెండున్నర డాలర్ల ఆర్థిక కదలిక తెచ్చింది. నర్సీపట్నం బజారుకు రోడ్డున్న పల్లెకు ఇది వర్తిస్తుంది. ఫిలిప్పీన్స్‌లో మాత్రం మారుమూల ఊళ్లలో గుడ్ల వంటి తాజా ఆహారం ధర పెరిగి, పథకం అందని ఇళ్లలో పిల్లల ఎదుగుదల దెబ్బతిన్నదని తేలింది. సరుకు రాని చోటికి డబ్బు మాత్రమే వెళితే ధర ఎక్కుతుంది. కొండ మీది గూడేల గురించి మాట్లాడేటప్పుడు ఈ హెచ్చరిక మరవకూడదు.

జాబితాలో లేనివాళ్లు

లెక్క కోసం ఒకే వీధిలో రెండు ఇళ్లు ఊహిద్దాం. మొదటి ఇంట్లో వితంతువైన తల్లి, ఎకరంన్నర సొంత భూమి ఉన్న కొడుకు, కోడలు, బడికెళ్లే ఇద్దరు పిల్లలు. ఏడాదికి పింఛన్ 48,000, రైతు సాయం 20,000, పిల్లలకు 26,000. మొత్తం 94,000. రెండో ఇంట్లో వృద్ధులు లేరు. భార్యాభర్తలు రెండెకరాలు కౌలుకు చేస్తారు, ఇద్దరు పిల్లలు. కౌలు కార్డు లేదు కాబట్టి రైతు సాయం లేదు. మొత్తం 26,000. ఇద్దరి శ్రమా ఒకటే, వానా ఎండా ఒకటే. రెండో ఇల్లు కౌలు కూడా కట్టాలి. ఏడాదికి తేడా 68,000.

రెండో ఇల్లు అరుదైనదేమీ కాదు. అదే 77వ విడత సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సాగు కమతాల్లో నూటికి 42 కౌలువి. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, పదకొండు నెలల కార్డు ఇస్తారు. దానికి భూ యజమాని సంతకం కావాలి. కాగితం మీద సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం, గట్టిగా అడిగితే కౌలు పోతుందేమోనని రైతు భయం. తెలంగాణలో రైతుబంధు కౌలుదారుణ్ని పూర్తిగా వదిలేసింది. పైగా ఎకరాల లెక్కన ఇవ్వడంతో ఎక్కువ భూమి గలవాడికే ఎక్కువ వెళ్లింది.

కొండ గూడేల చిక్కు ఇంకా లోతైనది. రోలుగుంట, రావికమతం, గొలుగొండ వంటి మండలాల ఆదివాసీ గ్రామాలు అయిదో షెడ్యూల్ పరిధిలో లేవు. గిరిజనుల భూమిని కాపాడే 1/70 చట్టం ఇక్కడ వర్తించదు. తరాలుగా జీడి వేసుకున్న పోడుకు పట్టా లేకపోతే రైతుగా పేరెక్కదు. పేరెక్కకపోతే సాయం లేదు. అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డ్ ప్రాంతమన్న షరతు లేదు, అయినా పట్టాల పని నెమ్మదే. ఇంట్లో కాన్పై పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం ఉండదు. అది లేక ఆధార్ రాదు, ఆధార్ లేక బడి రిజిస్టరులోనూ తల్లి ఖాతాలోనూ ఆ బిడ్డ లేనట్టే.

మైదానంలోనూ వడపోతలున్నాయి. భూమి, ఆదాయం, నెలకు 300 యూనిట్ల కరెంటు, నాలుగు చక్రాల బండి, ఆదాయపు పన్ను, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి: ఈ పరిశీలనల్లో ఒక్కటి తప్పినా పేరు ఎగిరిపోతుంది. కొడుకు కొన్న పాత కారు తల్లి పేరును తీసెయ్యగలదు. వేలిముద్రలు అరిగిన చేతులు, ఎన్‌పీసీఐ లింకు కాని ఖాతా, ఈకేవైసీలో ఒక అక్షరం తేడా, ఇవన్నీ పల్లె మాటల్లో కలిసిపోయిన కష్టాలు. 2025లో దివ్యాంగుల ధ్రువపత్రాలు తిరిగి తనిఖీ చేసినప్పుడు దొంగ పత్రాలతో పాటు నిజమైన అవిటితనం ఉన్నవాళ్లకూ నోటీసులు వెళ్లి గగ్గోలైంది. అనర్హుణ్ని తీసెయ్యాలన్న ఆత్రంలో అర్హుడి నెల పింఛన్ ఆగితే, ఆ నెల తిరిగి రాదు.

డబ్బుతో కొనలేనివి

రోలుగుంట మండలంలోని ఆర్ల పంచాయతీ శివారు గూడేల నుంచి గర్భిణులనూ రోగులనూ డోలీలో మోసుకెళ్లిన వార్తలు పదేపదే వచ్చాయి. అంబులెన్సు రాని చోట నాలుగు వేల పింఛన్ ఏ వైద్యం కొంటుంది? బస్సు లేని దారికి మహిళల ఉచిత ప్రయాణం ఏం పనికొస్తుంది? నగదు సాయం అంగడి ఉన్న చోటే పనిచేస్తుంది. రోడ్డు, నీరు, బడి, ఆసుపత్రి ఒక్కో ఇల్లు విడిగా కొనుక్కునేవి కావు. ఊరంతటికీ ఒక్కసారి కట్టాల్సినవి.

బియ్యం బదులు డబ్బిస్తే సరిపోతుందన్న వాదానికీ ఇదే జవాబు. జార్ఖండ్‌లోని నగడీలో 2017లో రేషన్ రాయితీని ఖాతాల్లో వేసి, పూర్తి ధరకు బియ్యం కొనుక్కోమన్నారు. డబ్బు పడిందో లేదో తెలుసుకోవడానికి బ్యాంకుకూ, బియ్యానికి డిపోకూ తిరగలేక జనం రోడ్డెక్కారు. ఏడాది తిరక్కుండా 2018 ఆగస్టులో ప్రభుత్వం ఆ పద్ధతి వెనక్కి తీసుకుంది. నగదు సరుకుకు తోడుగా వస్తే మేలు, దాని స్థానాన్ని ఆక్రమిస్తే కీడు. హైదరాబాద్‌లో అయిదు మురికివాడల్లో పెద్దలకు నెలకు 1000, పిల్లలకు 500 చొప్పున పద్దెనిమిది నెలలిచ్చిన ప్రయోగం కూడా డబ్బుతో ఆగలేదు. బస్తీవాళ్లు కూడి తమ ఉమ్మడి సమస్యలు తేల్చుకునేందుకు కార్యకర్తల తోడ్పాటునూ జత చేసింది.

ఖర్చు లెక్క, చట్టం లెక్క

పింఛన్లకే రాష్ట్రం నెలకు సుమారు 2,700 కోట్లు ఖర్చు పెడుతోంది. ఇది చిన్న భారం కాదు. రోడ్లకూ సాగునీటికీ వెళ్లాల్సిన డబ్బు దీనికి వెళుతోందన్న ఆందోళన కొట్టిపారేయదగ్గది కాదు. కానీ కోత ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు ఇప్పటిదాకా చూసిన సాక్ష్యమే దారి చూపుతుంది. నెలనెలా తేదీకి వచ్చే పింఛన్ అన్నిటికన్నా గట్టి ఫలితమిచ్చింది. భూమి పేరును పట్టుకుని పోయే సాయం కౌలుదారుణ్ని వదిలేసి, సాగు చెయ్యని యజమానికి చేరుతోంది. ముందు సరిచెయ్యాల్సింది రెండోది.

చెయ్యదగ్గ పనులు పెద్దగా కొత్తవి కావు. పింఛన్ ఇప్పటికీ చట్టబద్ధమైన హక్కు కాదు, ఒక జీవో. రాజస్థాన్ 2023లో కనీస ఆదాయ హామీ చట్టం చేసి, పింఛన్ ఏటా 15 శాతం పెరగాలని రాసుకుంది. శాతం ఎంత అన్నది చర్చించుకోవచ్చు. ధరలతో పాటు పెరగడం, అయిదేళ్లకోసారి మేనిఫెస్టో కోసం ఎదురుచూడకపోవడం అనే రెండు సూత్రాలూ మనకు కావాలి. రైతు సాయం నారు పోసే ముందు, తల్లుల సాయం బడి తెరిచే ముందు పడేలా తేదీలు చట్టంలో రాయాలి. ఆలస్యమైతే ఉపాధి కూలికి చట్టంలో ఉన్నట్టు పరిహారం ఉండాలి. కౌలు కార్డుకు యజమాని సంతకం బదులు, ఈ-క్రాప్‌లో పంట ఎవరు వేశారో రాసే గ్రామ రికార్డునే ఆధారం చెయ్యాలి. వేలిముద్ర పడకపోతే సచివాలయం ఉద్యోగి సంతకంతో ఆ నెల డబ్బు ఇచ్చి, తర్వాత విచారించాలి. పేరు తీసేసే ముందు గ్రామసభలో చదవాలి. ఆర్ల వంటి గూడేలకు మొదట జనన ధ్రువపత్రాల శిబిరం, పోడు పట్టా, రోడ్డు రావాలి.

ఇన్ని పరిశోధనల తర్వాత 'పేదలకు డబ్బిస్తే పాడుచేసుకుంటారా' అన్న ప్రశ్నను ఇంకా అడగడం కాలయాపనే. దానికి జవాబు వచ్చేసింది: పాడుచేసుకోరు. పరీక్షకు నిలబడాల్సింది ఇప్పుడు ఇచ్చేవాళ్లే. చెప్పిన తేదీకి ఇస్తారా, దున్నేవాడికి ఇస్తారా, ప్రభుత్వం మారినా ఇస్తారా అన్నవాటిలో పింఛన్ విషయంలో రాష్ట్రం మొదటి, మూడో ప్రశ్నలకు చాలావరకు నెగ్గింది. రైతు సాయంలో మూడింటిలోనూ వెనకబడే ఉంది.